గుమ్మానికి గొడుగు గుడ్డ

ఏడాదిలో ఇన్ని ఆదివారాలుండగా సరిగ్గా ఆ ఆదివారమే వస్తానంది క్వెక్ మేడమ్.

ఆవిడ ఫోనులో తారీఖు చెప్పినప్పుడు జువిటా ఒక చేత్తో కూతురు మెలియా ఛాతీకి దగ్గు మందు రాస్తోంది, ఇంకో చేత్తో పొయ్యి మీద గరిటె తిప్పుతోంది, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. "అలాగే మేడమ్, అలాగే మేడమ్" అని నాలుగుసార్లు అంది. ఫోను పెట్టేశాక క్యాలెండరు దగ్గరికెళ్ళి వేలు పెట్టి చూసుకుంటే అది ఇంత్రుదు ఆదివారం.

నలభై రోజుల ఉపవాసాలకి ముందు వచ్చే ఆదివారం అది. ఆ రోజు మలక్కా సముద్రపు ఒడ్డున ఉన్న వాళ్ళ పేటలో పొడిబట్టతో తిరిగే మనిషి కనబడడు. పొద్దున్నే బకెట్లు పట్టుకుని గుంపులుగా బయల్దేరతారు. తలుపు కొట్టి, "పొయ్యమంటారా?" అని మహా మర్యాదగా అడుగుతారు. అడిగితే కాదనకూడదు. పేట పుట్టిన దగ్గర్నుంచీ ఎవరూ కాదనలేదు, పురిటి మంచం మీదున్న ఆడది తప్ప. ఆవిడ కూడా కాలు బయటికి చాపి, దాని మీద పోయించుకుందని చెప్పుకుంటారు.

మామూలు చుట్టమైతే తడిస్తే తుడుచుకుంటుంది. క్వెక్ మేడమ్ మామూలు చుట్టం కాదు. ఊళ్ళో యాత్రికుల్ని తిప్పే ఆఫీసు ఆవిడది. ఎర్ర చర్చి, కొండ మీద పాత కోట గుమ్మం, నది మీద పడవ, ఆ తర్వాత పేటలో ఎవరో ఒకరింట్లో భోజనం. ఆ 'ఎవరో ఒకరు' ఎవరన్నది ఆవిడే వచ్చి, తిని, తేలుస్తుంది. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసిన జువిటాకి చేతిలో ఉన్న విద్యల్లా వంటే. మేడమ్ అవునంటే, మొగుడు రూఫిన్ చిట్టి రొయ్యల వల వేసుకుంటూ ఇంటి పట్టునే ఉంటాడు. కాదంటే సోమవారం పొద్దున్న ఓడ కంపెనీ కాగితం మీద సంతకం పెట్టేసి తొమ్మిది నెలలు కనబడకుండా పోతాడు. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి పది రోజులుగా చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. అర్ధరాత్రి పిల్లకి దగ్గు ఎగదన్నితే తను ఒక్కత్తీ ఏ తలుపు కొట్టాలి? పిల్ల దగ్గినా దగ్గకపోయినా జువిటా రోజుకి పదిసార్లు అదే తలుచుకుంటోంది.

శుక్రవారం నాడు బోస్కో దగ్గరికెళ్ళింది. ఆ పేటలో వయసులో పెద్ద మగవాళ్ళందరూ తియులే, ఆడవాళ్ళందరూ తియాలే. బోస్కో తియుకి డెబ్బై ఏళ్ళు, బకెట్ల గుంపుకి నలభై ఏళ్ళుగా నాయకుడు.

"తియు, ఈ ఒక్క ఏడాదికీ మా ఇల్లు వదిలెయ్యి."

"నీ పెళ్ళయిన ఏడాదీ ఇదే పాట పాడావు. జలుబన్నావు."

"అప్పుడు నిజంగానే జలుబు!"

"పోశాక తగ్గిందా, లేదా?"

"ఎవరో పెద్ద మేడమ్ వస్తోంది తియు. తడిస్తే మా బతుకు తడిసిపోతుంది."

"పెద్ద మేడమా? అయితే పాత బకెట్టు బాగుండదు. మా అమ్మాయి పెళ్ళికి కొన్న ఎర్ర బకెట్టు దింపుతాను." జువిటా మొహం చూసి కాస్త మెత్తబడ్డాడు. "నేనేం చెయ్యనే పిల్లా? గుమ్మానికి నల్ల గుడ్డ కట్టిన చావు ఇల్లయితే తప్ప మా గుంపు ఏ గుమ్మం దగ్గరా ఆగకుండా పోదు. నేను పెట్టిన రూలా ఇది?"

ఆయన ఊరికే అన్నాడు. జువిటా మాత్రం ఆ మాట కొంగున కట్టుకున్నంత భద్రంగా ఇంటికి తెచ్చుకుంది.

ఆదివారం పదకొండింటికి రూఫిన్ స్నేహితుడి వ్యాను తీసుకుని మేడమ్‌ని తేవడానికి ఎర్ర చర్చి దగ్గరికి బయల్దేరాడు. అక్కడ ఆవిడ పని అయ్యేదాకా ఆగి, సముద్రం వైపు దారిన తడవకుండా తేవాలని ఏర్పాటు. వ్యాను మలుపు తిరగ్గానే జువిటా మంచం కింద నుంచి చిరిగిన గొడుగు లాగింది. నల్ల గుడ్డ అంటూ ఇంట్లో ఉన్నది అదొక్కటే. ఊచల మీంచి ఒక పక్క కోసి, గుమ్మం పైన మేకుకి తగిలించింది. దూరం నుంచి చూస్తే అచ్చం చావు గుడ్డే. దగ్గరికొస్తే చివర్న గొడుగు బిగించే పట్టీ, దానికి టిక్కుమనే గుండీ వేళ్ళాడుతున్నాయి. దగ్గరికెవరొస్తారులే అనుకుంది.

అయిదు నిమిషాలు కాలేదు, పక్కింటి బిబియానా తియా వచ్చింది. నెత్తి మీంచి కాళ్ళ దాకా నీళ్ళు కారుతూ, చేతిలో నిండు బకెట్టుతో.

"ఎవరే? ఎవరే జువిటా?"

ఎవరు పోయారో చెప్పాలన్న సంగతే తనకి తట్టలేదు. పేటలో ఎవరి పేరు చెప్పినా వాళ్ళు ఎదురింటి అరుగు మీదే కనబడతారు. దూరంగా ఉన్నవాడు కావాలి. ఎప్పుడూ రానివాడు కావాలి.

"మార్సెలిన్ తియు" అనేసింది. రూఫిన్ చిన్నాన్న. సింగపూర్‌లో ఉంటాడు, ఆరేళ్ళయి ఈ దిక్కు చూడలేదు.

బిబియానా చేతిలో బకెట్టు కింద పడింది. ఆ ఇంటి ముందు ఆ రోజు మొదట పడ్డ నీళ్ళు అవే.

"పోయాడా!" అంది బిబియానా, బకెట్టు మీద కూలబడి. "అరవై మూడులో చర్చి హాల్లో నన్ను నాట్యానికి లేపి, పాట సగంలో వదిలేసి, పళ్ళరసం తాగొస్తానని పోయినవాడు. ఆ పళ్ళరసం ఇవాళ్టికి తాగడం అయిందన్న మాట." ముక్కు చీదుకుని, ఆ కబురు వీధి వీధికీ మోసుకెళ్ళింది.

గుడ్డ పనిచేసింది. బోస్కో తియు గుంపు వీధి మొదట్నుంచి పాడుకుంటూ వచ్చి, జువిటా గుమ్మం దగ్గర పాట ఆపి, టోపీలు తీసి, బకెట్లు చిందకుండా పట్టుకుని పిల్లుల్లా నడిచి దాటిపోయింది. కిటికీ సందులోంచి చూస్తున్న జువిటాకి ఊపిరి ఆడింది. సిగ్గు కూడా వేసింది. కానీ పొయ్యి మీద దేబల్ కూర అప్పుడే ఆవాలు, వెనిగరు వాసనతో కుతకుతలాడుతోంది, సిగ్గుపడే తీరిక లేదు.

నాలుగేళ్ళ మెలియా స్వెట్టరు వేసుకుని, చేతిలో గులాబీ రంగు చెంబుతో పొద్దున్నించీ వెనకాలే తిరుగుతోంది.

"అమ్మా, నేనెప్పుడు పొయ్యాలి?"

"నీకు దగ్గు. నువ్వు పొయ్యకూడదు, పోయించుకోకూడదు. అయినా ఇవాళ తాతయ్య పోయాడు కదా."

మెలియా చెంబులోకి తొంగి చూసింది. "ఆయన పోవడం ఎప్పుడు అయిపోతుంది?"

జువిటా లెక్కలో రెండింటికి మేడమ్ వస్తుంది, మూడింటికి వెళ్ళిపోతుంది, మూడూ పదికి గుడ్డ దిగిపోతుంది. సింగపూర్ నుంచి తప్పుడు కబురు వచ్చిందని చెప్పేస్తే సరి. ఇంత చక్కగా ఆలోచించినావిడ ఒక్కటి మరిచిపోయింది: ఆ పేటలో నల్ల గుడ్డ కనబడితే జనం దూరంగా పోరు. నీళ్ళు పోసేవాళ్ళు పోతారు, ప్రార్థన చేసేవాళ్ళు వస్తారు. అందరూ ఒకళ్ళే.

రెండింటికి పది నిమిషాల ముందు వచ్చేశారు. ఇరవై మందికి పైనే. తడిబట్టల మీదే నల్లకోట్లు, నల్ల గౌన్లు తొడుక్కుని, జపమాలలు, కొవ్వొత్తులు, పెద్ద కెటిలుతో కాఫీ, బుట్టెడు మాంసం బన్నులతో. ముందు గదిలో కుర్చీలు గోడకి జరిపి మోకాళ్ళ మీద కూచున్నారు. ఒక్కొక్కరి కింద చిన్న మడుగు.

"ఇంతమందెందుకు తియు, ఇబ్బంది..." అని జువిటా గొణిగింది.

"ఇబ్బందేముందే? మనవాడు" అన్నాడు బోస్కో. ముక్కు ఎగబీల్చాడు. "దేబలా? చావు ఇంట్లో పొయ్యి వెలిగించకూడదే!"

"ఆయనకిష్టమని..." అంది జువిటా. అబద్ధం ఒకటి ఆడాక రెండోది దానంతటదే వస్తోంది.

సరిగ్గా అప్పుడు వ్యాను ఆగింది.

రూఫిన్ దిగి మేడమ్ వైపు తలుపు తియ్యబోయి, గుమ్మం చూశాడు. చెయ్యి అలాగే ఆగిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. మేడమ్‌ని వ్యానులోనే వదిలేసి, చెప్పులు ఎక్కడ జారిపోయాయో చూసుకోకుండా లోపలికి పరిగెత్తుకొచ్చాడు. మోకాళ్ళ మీదున్న జనాన్ని తొక్కుకుంటూ, నలుగురి మధ్యలోంచి చెంబుతో నిలబడ్డ మెలియాని లాగి గుండెకి అదుముకున్నాడు. పిల్ల కెవ్వుమంది.

"ఎవరు?" అన్నాడు. "ఎవరు జువిటా?"

"మార్సెలిన్ తియు నాయనా" అంది బిబియానా.

జువిటా కళ్ళతో సైగ చేసింది, కనుబొమలు ఎగరేసింది, తల అడ్డంగా ఊపింది. ఏం లాభం? రూఫిన్ అప్పటికే నేల మీద కూచుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. తండ్రి పోయాక అతనికి వల పట్టడం నేర్పింది మార్సెలిన్. ఆ సంగతి జువిటాకి తెలుసు. పేరు చెప్పినప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

"నిన్నగాక మొన్న ఫోను చేశాడు" అని ఏడ్చాడు రూఫిన్. "కాళ్ళ నొప్పులు, ఈ ఏడు కూడా రానన్నాడు. 'రాకపోతే పోలే' అన్నాను. అదే ఆఖరు మాట!"

గుమ్మంలో క్వెక్ మేడమ్ నిలబడి ఉంది. యాభై ఏళ్ళు, పొట్టి జుట్టు, తెల్ల ప్యాంటు, చేతిలో చిన్న పుస్తకం. నవ్వడానికి ముందు ఎవరి అనుమతో తీసుకోవాలన్నట్టుండే మొహం.

"తప్పు సమయంలో వచ్చినట్టున్నాను."

"లేదు మేడమ్! కూచోండి మేడమ్! కూర తయారు మేడమ్!" అంది జువిటా. చావు ఇంట్లో అంత హుషారుగా ఎవరూ మాట్లాడి ఉండరు. ఇరవై తలలు అటు తిరిగాయి. జువిటా గొంతు తగ్గించి, "కూర... తయారు" అని నీరసంగా మళ్ళీ అంది.

మేడమ్‌ని కిటికీ పక్క కుర్చీలో కూచోబెట్టి అన్నం, దేబల్, చిట్టి రొయ్యల ఊరగాయ వడ్డించింది. ఒక పక్క ప్రార్థన, ఒక పక్క రూఫిన్ వెక్కిళ్ళు, మధ్యలో మేడమ్ చెంచా చప్పుడు. ఆవిడ ఒక ముద్ద తిని ఏదో రాసింది. ఇంకో ముద్ద తిని ఆగింది. మూడో ముద్దకి నుదుటి మీద చెమట పట్టింది. పుస్తకం పక్కన పెట్టి తినడం మొదలెట్టింది. జువిటా ఓరకంట చూస్తూ జపమాల తప్పు పూసల మీద తిప్పుతోంది.

అప్పుడు బయట్నుంచి సన్నని గొంతు వినబడింది.

"కేకులమ్మా, కేకులు! రవ్వ కేకులు!"

ఇంత్రుదు మధ్యాహ్నం నుంచీ వేషాలు మొదలవుతాయి. మగాళ్ళు గౌన్లు వేసుకుని, ఆడాళ్ళు మీసాలు పెట్టుకుని, ఇంటింటికీ అమ్మకానికి తిరుగుతారు. లోపలికొచ్చింది ఎవరో ముసలావిడ వేషం. పువ్వుల గౌను, మొహానికి జల్లెడలాంటి వల దిగిన టోపీ, దాని కింద చెవుల దాకా పూసుకున్న ఎర్ర రంగు. చంకలో కేకుల బుట్ట.

"ష్! గుడ్డ కనబడలేదా?" అని బోస్కో కసిరాడు.

"అయ్యో! ఎవరు పోయారేంటి?"

"మార్సెలిన్."

వేషం ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత బుట్ట మెల్లగా కింద పెట్టి, అందరితో పాటు మోకాళ్ళ మీద కూచుంది. "సింగపూర్ మార్సెలినా? అయ్యయ్యో! ఎంత అందగాడు!"

"అందగాడా!" అంది బిబియానా. జపమాల మధ్యలో వదిలేసింది. "ఆ చెవులు చూశావా? ఎదురుగాలికి తెరచాపలు!"

"మంచి నాట్యగాడంటారే?"

"నా కుడికాలి బొటనవేలు ఇవాళ్టికీ వంకరే. ఎవరి పుణ్యమనుకున్నావు?"

"దానధర్మాలు చేసేవాడా?" అని వేషం బోస్కోని అడిగింది.

"నా దగ్గర ఒక గాలం తీసుకుని తిరిగివ్వలేదు" అన్నాడు బోస్కో. "పోయినవాణ్ణి ఏమీ అనకూడదు. మంచి గాలం."

రూఫిన్ తలెత్తాడు. "అలా మాట్లాడకండి" అన్నాడు. "నా చేతికి మొదటి వల ఇచ్చింది ఆయన. ఆయన లేకపోతే నేను లేను."

వేషం టోపీ వల కిందికి చెయ్యి పెట్టి కళ్ళు తుడుచుకుంది. ఎర్ర రంగు చెంప దాకా పాకింది. తర్వాత జువిటా వైపు జరిగింది. "ఎలా పోయాడమ్మా?"

"గుండె."

"ఎడం వైపా, కుడి వైపా?"

జువిటా తన ఛాతీ తడుముకుని చూసుకుంది. "మధ్యలో" అంది.

"పాపం, మధ్యలో వస్తే ఇంకేం మిగుల్తుంది. ఎప్పుడు?"

"నిన్న రాత్రి."

"ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి!" అంది జువిటా విసుగ్గా. అడగడం ఆపితే చాలని.

"తొమ్మిదింటికా? తొమ్మిదింటికి నేను సింగపూర్ వంతెన మీద బస్సులో ఉన్నానే! పక్క సీటాయనతో వేరుశెనక్కాయలు తింటున్నాను. పోయిన సంగతి నాకొక్క మాట చెప్పొద్దుటే?"

టోపీ తీశాడు. నున్నటి గుండు, దాని రెండు పక్కలా ఎదురుగాలి తెరచాపలు.

బిబియానా చేతిలో కొవ్వొత్తి ఒరిగి, మైనం బోస్కో మెడ మీద పడింది. అతని కేకతో అందరికీ స్పృహ వచ్చింది. రూఫిన్ ఒక్క గెంతు గెంతి ముసలాయన్ని కావిలించుకున్నాడు. పువ్వుల గౌను చంక దగ్గర పర్రుమంది.

"వదలరా, అద్దెకి తెచ్చింది" అన్నాడు మార్సెలిన్. "మీకు చెప్పకుండా వచ్చి మిమ్మల్ని ఆటపట్టిద్దామనుకున్నాను. మీరు నాకంటే ముందున్నారు." గుమ్మం దాకా నడిచి నల్ల గుడ్డ పట్టుకుని చూశాడు. గుండీ టిక్కున నొక్కాడు, విప్పాడు, మళ్ళీ నొక్కాడు. "గొడుగు గుడ్డా? నా చావుకి చిరిగిన గొడుగు గుడ్డ కడతావే? ఒక గజం కొత్త గుడ్డకి తూగనా నేను?"

జువిటా మొహం చేతుల్లో దాచుకుని, మేడమ్‌కి అర్థం కాని తమ భాషలో ఉన్నదంతా కక్కేసింది. మేడమ్ తడవకూడదని, ఓడ కాగితమని, పిల్ల దగ్గని. ముందు ఎవరు నవ్వారో తెలీదు, పేటంతా పొట్టలు పట్టుకుంది. రూఫిన్ ఒక్కడు నవ్వలేదు.

"గుమ్మానికి నలుపు చూసి నేను ఎవరనుకున్నానో తెలుసా?" అన్నాడు మెల్లగా. చెయ్యి ఇంకా మెలియా నెత్తి మీదే ఉంది.

జువిటాకి తెలుసు. తను రోజుకి పదిసార్లు భయపడేది దానికే. ఆ భయాన్ని తన చేత్తో తనే మేకుకి తగిలించి, అతనికి చూపించింది. ఆమెకి నేల చీలితే బాగుండుననిపించింది.

అంతలో చప్పట్లు వినబడ్డాయి. క్వెక్ మేడమ్ ఖాళీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని చప్పట్లు కొడుతోంది.

"చాలా బాగుంది" అంది. "ముప్ఫై ఏళ్ళలో నాకెవరూ ఇలాంటిది ఆడి చూపించలేదు. ఆ ఏడుపు ఎంత సహజంగా ఉంది! చచ్చినాయన వచ్చే ఘట్టం మరీను. ప్రతి శనివారం పెట్టగలరా?"

"ప్రతి శనివారం చావాలా?" అన్నాడు మార్సెలిన్. ఆలోచనలో పడ్డాడు. "భోజనం ఉంటుందా?"

"రెండు బస్సులు పంపిస్తాను" అంది మేడమ్ జువిటాతో. కలం తీసింది. "ప్రార్థన కాస్త తగ్గించండి. ఏడుపు అలాగే ఉంచండి."

అవునంటే అయిపోయేది. ఓడ లేదు, తొమ్మిది నెలలు లేవు. జువిటా పెదవి దాకా వచ్చింది ఆ మాట. రూఫిన్ వైపు చూసింది. కళ్ళు వాచి ఎర్రగా ఉన్నాయి.

"కుదరదు మేడమ్" అంది. "కూరైతే ఎన్ని శనివారాలైనా వండుతాను. మా ఆయన్ని మళ్ళీ అలా ఏడిపించను. ఆ గుడ్డ ఇవాళ దిగుతుంది, నా చేతుల్తో మళ్ళీ ఎక్కదు."

మేడమ్ కలం మూసింది. "మరి మావాళ్ళు ఏం చూస్తారు?"

"తినేటప్పుడు చూడ్డం ఎందుకమ్మా?" అన్నాడు మార్సెలిన్. "నువ్వు చూశావా? పళ్ళెం నాకినట్టుంది."

మేడమ్ పళ్ళెం వైపు చూసుకుంది. మొదటిసారి ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి పుస్తకం తెరిచింది. "వచ్చే శనివారం ఎనిమిది మంది. నెల రోజులు చూస్తాను. కారం తగ్గించాలి."

"తగ్గదు మేడమ్."

మేడమ్ నిట్టూర్చి, అది కూడా రాసుకుంది.

జువిటా స్టూలెక్కి గుడ్డ దింపింది. అది కింద పడీ పడకముందే బయట బకెట్ల గణగణ. బోస్కో తియు నల్లకోటు విప్పేసి, పెళ్ళి నాటి ఎర్ర బకెట్టుతో గుమ్మంలో నిలబడ్డాడు. వెనకాల పేటంతా. తెరిచి ఉన్న తలుపునే మర్యాదగా మూడుసార్లు కొట్టి, తమ భాషలో అడిగాడు: "పొయ్యమంటారా?"

"ఏమంటున్నాడాయన?" అని అడిగింది మేడమ్.

జువిటా ముందు ఆవిడ చేతిలో పుస్తకం తీసుకుంది. చేతి గడియారం తియ్యమంది, ఫోను కూడా అడిగింది. మూడూ బియ్యం డబ్బాలో వేసి, మూత గట్టిగా నొక్కింది. పొద్దున్నించీ చెయ్యని పని ఒకటి అప్పుడు చేసింది: నవ్వింది.

"మీరు అవునంటారా, కాదంటారా అని అడుగుతున్నాడు మేడమ్. మా దగ్గర కాదనకూడదు."

"ఓ! అయితే అవును" అంది క్వెక్ మేడమ్.

ఎర్ర బకెట్టు పైకి లేచింది. ఆ సందట్లో మెలియా చెంబు పట్టుకుని తల్లి గౌను లాగింది. "అమ్మా, ఆయన పోవడం అయిపోయిందా? నేను పొయ్యనా?"

"పొయ్యి" అంది జువిటా. "నాన్న మీద పొయ్యి. ఎత్తుకో రూఫిన్, దానికి అందదు."

రూఫిన్ పిల్లని ఎత్తుకున్నాడు. మెలియా నాలిక బయటపెట్టి, గురి చూసి, చెంబెడు నీళ్ళూ సరిగ్గా నాన్న చొక్కా జేబులోకి వంపింది. ఆ జేబులో నాలుగు మడతల కాగితం ఉందని జువిటాకి బాగా గుర్తుంది.

చెప్పలేదు.